బాయిలర్ ప్రెజర్ పడిపోతుంటే నీళ్ళు నింపి వెళ్ళిపోకుండా అసలు కారణం పట్టుకున్న ఇంజనీర్ (రెడింగ్, యూకే)

రెడింగ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. మాది కాంబీ బాయిలర్ (ఇంటి హీటింగూ, కుళాయిల్లో వేడినీళ్ళూ రెండూ ఒకటే ఇచ్చేది), కాస్త పాతది. చలి మొదలైన దగ్గర్నుంచి ప్రెజర్ నిలబడట్లేదు, సాయంత్రం నీళ్ళు నింపి ప్రెజర్ గేజ్ ముల్లు 1.3 బార్ (ప్రెజర్ కొలిచే యూనిట్) మీద పెడితే తెల్లారేసరికి 0.4కి వచ్చేసి బాయిలర్ ఆగిపోతోంది, ఖమ్మం నుంచి మా అమ్మ వచ్చి ఉంది, ఆవిడ రెండు స్వెటర్లేసుకుని దుప్పటి కప్పుకుని కూర్చునేది.

ముందు ఒక పెద్ద కంపెనీ వాళ్ళని పిలిచాం. వచ్చినతను కింద ఫిల్లింగ్ లూప్ (సిస్టమ్‌లోకి నీళ్ళు నింపే పైపు) తిప్పి నీళ్ళు నింపేసి, ఫ్లోర్ కింద పైపు ఎక్కడో లీకవుతున్నట్టుంది, పగలగొట్టి చూడాలి అని చెప్పి వెళ్ళిపోయాడు. ఒక్క పరీక్ష కూడా చెయ్యకుండా ఫ్లోర్ పగలగొట్టమనడం నాకు అస్సలు నచ్చలేదు.

తర్వాత ఆఫీసులో ఒకావిడ ఈయన నంబర్ ఇచ్చారు. సొంతంగా చేసుకునే మనిషి, ఒక వ్యాన్, అంతే. ఫోన్లోనే మొదట అడిగింది ఏంటంటే హీటింగ్ బాగా వేడెక్కినప్పుడు ముల్లు ఎక్కడుంటోంది, చల్లారాక ఎక్కడుంటోంది అని. వేడెక్కితే దాదాపు 3 దాకా పోతోంది అన్నా. అయితే ఇవాళ రాత్రికి బయట గోడలోంచి వంగి ఉన్న సన్న రాగి పైపుకి ఒక ప్లాస్టిక్ కవర్ కట్టి ఉంచండి అన్నాడు. పొద్దున చూస్తే కవర్లో నీళ్ళు! ఇంట్లో ఎక్కడా తడి లేకపోవడానికి కారణం ఇదన్నమాట, నీళ్ళన్నీ బయటికి పోతున్నాయి.

వచ్చాక గ్యాస్ సేఫ్ కార్డు (యూకేలో గ్యాస్ పని చేసేవాళ్ళకి ఉండాల్సిన రిజిస్ట్రేషన్ కార్డు) అడక్కముందే చూపించాడు. కార్డు వెనక ఏయే పనులకి అర్హత ఉందో రాసి ఉంటుంది, అదీ చూసుకోవాలండి, ముందు వైపు ఫోటో చూసి వదిలేస్తే సరిపోదు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి కదా, ఆ ఎక్కువైన నీళ్ళకి చోటివ్వడానికి ఎక్స్‌పాన్షన్ వెసెల్ అని ఒక డబ్బా ఉంటుంది, లోపల రబ్బరు పొర, దానికి ఒకవైపు గాలి, ఇంకోవైపు సిస్టమ్ నీళ్ళు. ఆ గాలి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పోయిందంటే చోటుండదు, ప్రెజర్ ఒక్కసారిగా పెరిగి 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని ఆ రాగి పైపులోంచి నీళ్ళు బయటికి వదిలేస్తుంది, చల్లారాక ముల్లు కిందికి పడుతుంది. మనం మళ్ళీ నింపుతాం, అది మళ్ళీ వదిలేస్తుంది.

బాయిలర్ ఆపి, సిస్టమ్ ప్రెజర్ సున్నా చేసి, వెసెల్‌కున్న వాల్వ్ (కారు టైరుకుండేదే) మీద గేజ్ పెడితే గాలి ఏమీ లేదు. వాల్వ్ పిన్ను నొక్కితే నీళ్ళు రాలేదు, వచ్చుంటే పొర చిరిగినట్టు, వెసెలే మార్చాలట. గాలి కొట్టి మాన్యువల్లో చెప్పిన 0.75 బార్‌కి పెట్టాడు. సేఫ్టీ వాల్వ్ కూడా మార్చేశాడు, ఒకసారి తెరుచుకున్నాక దానిలో మురికి ఇరుక్కుని సరిగ్గా మూసుకోక కారుతూనే ఉంటుందని. ఇన్నిసార్లు కొత్త నీళ్ళు నింపడం వల్ల తుప్పు పట్టకుండా వేసే ఇన్హిబిటర్ పలచబడిపోయింది, అదీ వేశాడు.

ఫ్లోర్ కింద లీకు అనుమానం మాత్రం నాకు పోలేదు, ఆ మాటే అడిగా. విసుక్కోకుండా దానికీ దారి చూపించాడు: బాయిలర్ ఆపేసి కిందున్న ఫ్లో, రిటర్న్ వాల్వులు (రేడియేటర్లకి నీళ్ళు వెళ్ళేదీ, తిరిగొచ్చేదీ) రెండూ మూసి రాత్రంతా వదిలెయ్యాలి, పొద్దున తెరిచినప్పుడు ముల్లు గభాల్న పడితే ఇంటి పైపుల్లోనో రేడియేటర్లలోనో లీకు, మూసి ఉండగానే పడితే బాయిలర్లోనే. మాకు రెండూ కాలేదు, ముల్లు కదల్లేదు. ఇప్పుడు చల్లగా ఉంటే 1.3, వేడెక్కితే 1.8, అక్కడే ఉంటోంది. ఫ్లోర్ క్షేమం.

నచ్చనివి కూడా చెప్పాలి. పగలు ఫోన్ ఎత్తడు, మెసేజ్ పెట్టాలి. బిల్లులో పార్టు ఎంత, కూలి ఎంత అని విడిగా రాయలేదు, అడిగితే రాసిచ్చాడు. చెప్పిన టైముకన్నా లేటుగా వచ్చాడు. రేటు చవకేం కాదు గానీ ఫ్లోర్ తవ్వకానికి ఆ పెద్ద కంపెనీ వాళ్ళు అడిగినదాంతో పోలిస్తే చాలా తక్కువ. ఐదుకి నాలుగున్నర ఇస్తా.

ఆయన్ని అడక్కుండా పేరూ నంబరూ ఇక్కడ పెట్టడం బాగోదు, కావాల్సినవాళ్ళు నన్ను అడగండి. నవంబర్ వచ్చిందంటే దొరకడు, సెప్టెంబర్లోనే సర్వీస్ బుక్ చేసుకోండి. అద్దె ఇంట్లో ఉండే స్టూడెంట్స్ మాత్రం సొంత డబ్బు పెట్టి ఎవర్నీ పిలవకండి, ఇంగ్లండ్‌లో హీటింగ్ రిపేరు ఓనర్ బాధ్యత, ముందు వాళ్ళకి ఈమెయిల్లో రాసి పెట్టండి, గేజ్ ఫోటో కూడా పంపండి.