వైఖరి మాపనుల తయారీపై మూడు రోజుల శిక్షణ: నా అభిప్రాయం

ఆడపిల్లల పైచదువులపై తల్లిదండ్రుల వైఖరిని కొలిచే ప్రశ్నావళి తయారీ కోసం ఈ శిక్షణలో చేరాను. 1932లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రెన్సిస్ లైకర్ట్ ప్రతిపాదించిన పద్ధతిలో, ఒక్కో వాక్యానికి “పూర్తిగా అంగీకరిస్తాను” నుంచి “అసలు అంగీకరించను” దాకా ఉన్న ఐదు గడుల్లో ఒకదానిలో టిక్కు పెడితే, దానికి 5 నుంచి 1 దాకా మార్కు వేస్తారు. ఈ పద్ధతిని, వాక్యాలు రాయడం మొదలుకొని, ఒక్కో వాక్యం మార్కుకూ మొత్తం మార్కుకూ ఉన్న సహసంబంధాన్ని (రెండూ ఎంతవరకు కలిసి పెరుగుతాయి, తగ్గుతాయి అన్నదాన్ని) చూసి బలహీనమైనవాటిని తొలగించే దాకా, ఎంతో ఓపికగా మా చేత చేయించారు. “అమ్మాయిని డిగ్రీ చదివించాలి, ఉద్యోగానికి పంపాలి” అని నేను రాసిన వాక్యాన్ని చూపి, చదువుకు సరేనని ఉద్యోగానికి వద్దనే తండ్రి ఏ గడిలో టిక్కు పెట్టాలని అడిగినప్పుడు, అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయని నాకు అర్థమైంది. వ్యతిరేక వాక్యాలకు మార్కులను తిరగేయడం, అంటే 5ను 1గా లెక్కించడం, కూడా చక్కగా నేర్పారు. అయితే ఉదాహరణలన్నీ ఇంగ్లీషులోనే ఉండటం పెద్ద లోటు. “పైచదువులు అవసరం లేదు” అన్న వాక్యానికి “అంగీకరించను” అని బదులివ్వాల్సి వచ్చినప్పుడు పల్లెల్లో పెద్దవాళ్లు పడే తికమక అసలు చర్చకే రాలేదు. ప్రశ్నావళి నిలకడగా కొలుస్తోందా అని చూసే విశ్వసనీయత పరీక్షలకు కేటాయించిన ఒక్క గంట ఏమాత్రం చాలదు. సొంత ముసాయిదా ప్రశ్నావళితో వెళ్లే పరిశోధక విద్యార్థులకు మాత్రం కట్టిన ఫీజుకు తగిన ఫలితం దక్కుతుంది.