బ్రేక్ బూస్టర్: 7 అంగుళాల డబుల్ డయాఫ్రమా, 9 అంగుళాల సింగిలా?

పాత కాంటెస్సాకో జీపుకో వేరే ఇంజిన్ దించి పవర్ బ్రేకులు పెట్టిస్తుంటే ముందు టేపు తీసి చోటు కొలవండి. చోటుంటే 9 అంగుళాల సింగిల్ బూస్టరే (ఇంజిన్ వాక్యూమ్‌తో పెడల్‌కు బలం కలిపే డబ్బా) మేలు: లోపల ఒకటే డయాఫ్రం (వాక్యూమ్‌కు కదిలే రబ్బరు పొర), రిపేరు తేలిక. డయాఫ్రం వైశాల్యం సుమారు 64 చదరపు అంగుళాలు. 7 అంగుళాల డబుల్‌లో రెండూ కలిపి లెక్కకు 77. మధ్య భాగం పోను తేడా కొంత తగ్గుతుంది. 9 అంగుళాలది వాల్వ్ కవరుకో క్లచ్ సిలిండరుకో తగులుతుందనుకుంటే 7 అంగుళాల డబులే దిక్కు, కాకపోతే దాని పొడవు ఎక్కువ.

వాక్యూమ్ తక్కువైతే రెండూ దండగే. ఐడిల్‌లో వాక్యూమ్ గేజి 18 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపాలి. డీజిల్‌కైతే వాక్యూమ్ పంపు తప్పదు, లేకపోతే మెహిదీపట్నం ట్రాఫిక్‌లో కాలు నొప్పే.

అసలు తప్పు జరిగేది బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను (బ్రేక్ ఆయిల్‌ను నెట్టేది) తోసే కడ్డీ, అంటే పుష్‌రాడ్ దగ్గర. దానికీ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కూ మధ్య అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు సందు వదలాలి. సందు లేకపోతే ఆయిల్ వెనక్కి రాక బ్రేకులు పట్టేసి డ్రమ్ములు కాలతాయి. ఎక్కువైతే పెడల్ కిందికి పోతుంది.

బిగించాక ఇంజిన్ ఆపి పెడల్ ఐదుసార్లు తొక్కి, నొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త దిగాలి. దిగలేదా, ముందు చెక్‌వాల్వ్ (వాక్యూమ్ బయటికి పోకుండా ఆపే వాల్వ్), వాక్యూమ్ గొట్టం చూడండి.