కింగ్ దినం సేవా ప్రణాళిక పుస్తకం: మా ఎన్‌ఎస్‌ఎస్ శిబిరానికి ఎంత పనికొచ్చింది?

నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌ని. న్యూజెర్సీలో ఉంటున్న మా మేనకోడలు తన యూదు స్నేహితురాలి దగ్గర చూసి నాకు పంపిన పీడీఎఫ్ ఇది. అమెరికా నల్లజాతివారి పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ పేరిట జరిపే దినాన సేవా కార్యక్రమాలు పెట్టుకునే సినగాగ్‌ల (యూదుల ప్రార్థనా మందిరాల) కోసం అక్కడి వాలంటీర్లు తయారు చేసుకున్నారు. ఉచితం. మర్రిగూడ వైపు ఒక ఊళ్లో మా శిబిరానికి దీన్నే ముందు పెట్టుకుని ప్లాన్ వేశాం.

ఇందులో అన్నిటికన్నా విలువైనది మొదటి ఫారం. ఈ పని ఎవరు అడిగారు, వాళ్లతో ఎవరు మాట్లాడారు, మీరు వెళ్లిపోయాక ఎవరు చూసుకుంటారు అని మూడే గడులు. మొదటి గడిలో ఒక మనిషి పేరు పడేదాకా రెండో పేజీకి పోవద్దంటారు. మా పిల్లల జాబితాలో అప్పటికే ఫ్లోరైడ్ ర్యాలీ, ముగ్గుల పోటీ, మొక్కలు నాటడం ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి ఇల్లిల్లూ తిరిగాం. నడుం వంగిపోయి, మోకాళ్లు ముడుచుకుపోయిన ఒక పెద్దమ్మ అరుగు మీద కూర్చునే అన్నది: "ర్యాలీ నాకెందుకు బిడ్డా? సదరం క్యాంపుకు తోలుకపోయేటోళ్లుంటే చెప్పు." మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా ఇంటి ముందుకొచ్చినా, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ ముదిరి వంగిన ఎముకలు మళ్లీ నిటారు కావు. సదరం క్యాంపులో డాక్టర్లు చూసి ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ లేకపోతే ఆమెకు వికలాంగుల పింఛను రాదు. మొదటి గడిలో ఆమె పేరు రాశాం. పిల్లలు మీసేవలో స్లాట్ బుక్ చేశారు, ఆటో మాట్లాడారు, ఆమె పక్కనే లైన్లో నిలబడ్డారు. శిబిరంలో ఎక్కువ భాగం ఇలాంటి పనులకే పోయింది. నాకు మాత్రం ఇదే అసలైన ఎన్‌ఎస్‌ఎస్ అనిపించింది.

చరిత్ర పేజీలు కూడా బాగా రాశారు. బెర్లిన్‌లో రబ్బీగా (యూదు మతగురువుగా) ఉండి, నాజీలు వెళ్లగొడితే అమెరికా చేరిన జోకిమ్ ప్రింజ్, 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో జరిగిన పౌరహక్కుల సభలో కింగ్ కంటే ముందు మాట్లాడారు. ద్వేషం కన్నా సిగ్గుచేటైనది మౌనమని ఆయన చెప్పారు. 1964లో మిసిసిపీలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించే ఉద్యమంలో ఉన్న ష్వెర్నర్, గుడ్‌మన్ అనే ఇద్దరు యూదు యువకుల్ని, వాళ్లతో పాటు చేనీ అనే నల్లజాతి యువకుణ్ని చంపేశారు. గుడ్‌మన్‌కు ఇరవయ్యేళ్లు. మా డిగ్రీ పిల్లల ఈడే. ఆ పేజీ చదివాక వాళ్లు చాలాసేపు ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు.

లోటు లేదని కాదు. కులం గురించి ఒక్క ముక్క లేదు. అమెరికా వాళ్ల పుస్తకంలో ఉండదు నిజమే, కానీ మన ఊళ్లలో నీళ్ల గురించి మాట్లాడుతూ దాన్ని వదిలేస్తే సగం మాటే చెప్పినట్టు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో, దళితుల్ని ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్లను అంబేడ్కర్ వేలమందితో కలిసి తాగిన ఘట్టాన్ని నేనే ఒక పేజీగా రాసి కలిపాను. పౌరహక్కులంటే ఏమిటో మా పిల్లలకు ఆ పేజీతోనే తొందరగా ఎక్కింది.

తేదీ కూడా మనకు కుదరదు. కింగ్ దినం జనవరి మూడో సోమవారం. సంక్రాంతికి ఇళ్లకు వెళ్లిన పిల్లలు అప్పటికింకా సరిగ్గా తిరిగిరారు. అంబేడ్కర్ జయంతి ఏప్రిల్ 14న పెట్టుకుంటే అర్థం బాగుంటుంది గానీ, నల్లగొండ ఎండల్లో పొద్దున పది లోపే పని ముగించాలి. ఇంగ్లిషు కాస్త బరువుగా ఉంది, తెలుగు మీడియం పిల్లలకు పక్కన కూర్చుని చెప్పాల్సిందే.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. స్వచ్ఛంద సంస్థలవాళ్లూ, ఎన్‌ఎస్‌ఎస్ చూసే లెక్చరర్లూ తప్పక తీసుకోండి. డాలర్ల బడ్జెట్ పట్టికలు, కార్ల ఏర్పాటు పేజీలు మనకు అక్కర్లేదు, ప్రింట్‌కు ఇచ్చేటప్పుడు వాటిని తీసేయండి. మొదటి ఫారం మాత్రం తెలుగులో రాసి ఎక్కువ జిరాక్సులు తీయించండి.