శంషాబాద్ నుంచి మధురపూడికి: ఐదేళ్ల రాకపోకల తర్వాత

మాది రావులపాలెం దగ్గర పల్లె, ఉండేది మియాపూర్‌లో. నాన్నగారికి డయాలసిస్ మొదలైనప్పటి నుంచి, అంటే ఐదేళ్లుగా, నెలకోసారైనా హైదరాబాద్–రాజమండ్రి విమానం ఎక్కుతున్నాను. ఈ దారిలో కొత్తగా వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్‌లో, రాజమండ్రిది మధురపూడిలో. ఈ రెండింటి మధ్య నేరుగా కొలిస్తే దూరం సుమారు 360 కిలోమీటర్లు. రెండూ 17 డిగ్రీల చిల్లర అక్షాంశం మీదే ఉన్నాయి కాబట్టి విమానం ఇంచుమించు సూటిగా తూర్పుకే వెళ్తుంది. ఖమ్మం, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం అన్నీ ఆ గీత చుట్టుపక్కలే. రోడ్డు మీదైతే 400 కిలోమీటర్లు దాటుతుంది.

టికెట్ మీద గంటా పది, గంటా పదిహేను నిమిషాలని ఉంటుంది. నిజంగా గాల్లో ఉండేది 50 నిమిషాలు, కాస్త అటూఇటూ. మిగతాది విమానం రన్‌వే దాకా వెళ్లడానికి, దిగాక ఆగడానికి పట్టే సమయం. వానాకాలంలో పడమటి గాలి ఉన్నప్పుడు శంషాబాద్‌లో పడమటికే లేచి, మళ్లీ తూర్పుకి తిరగాలి. అక్కడే కొన్ని నిమిషాలు పోతాయి.

నేను ఎక్కువగా ఎక్కింది ఏటీఆర్ 72, ప్రొపెల్లర్ విమానం. గంటకు 500 కిలోమీటర్ల వేగం. జెట్ కంటే నెమ్మదే, కానీ ఇంత తక్కువ దూరంలో తేడా పది, పదిహేను నిమిషాలకు మించదు. రెండేసి సీట్లే, మధ్య సీటు బాధ లేదు. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందంతా కనిపిస్తుంది. శబ్దం పడనివాళ్లు వెనక వరుసలు తీసుకోండి. పెద్ద ట్రాలీ బ్యాగు పైన పట్టదు, మెట్ల దగ్గరే తీసుకుంటారు. మందులు, రిపోర్టులు మాత్రం చేతిసంచిలో పెట్టుకోండి. మబ్బులున్న రోజున కుదుపులు తప్పవు. మొదటిసారి అమ్మ నా చెయ్యి వదల్లేదు. గోదావరి కనిపించాకే కళ్లు తెరిచి దణ్ణం పెట్టుకుంది.

ఇక అసలు లెక్క. మా ఇంటి నుంచి శంషాబాద్‌కి గంట, అక్కడ గంటన్నర, విమానం గంటంపావు, సామాను కోసం పావుగంట, మధురపూడి నుంచి ఊరికి మరో గంటంపావు. అన్నీ కలిపితే ఐదు గంటలు దాటింది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే పొద్దున్నే దిగుతాం. అందుకే పండక్కో, పెళ్లికో అయితే నేను ఇప్పటికీ రైలుకే వెళ్తాను. బెర్తు దొరికితే అదే సుఖం, ఖర్చూ తక్కువ.

శీతాకాలం ఉదయాల్లో గోదావరి ప్రాంతంలో మంచు పట్టేస్తుంది. ఒకసారి పైన చాలాసేపు తిరిగి, దిగడం కుదరక వెనక్కి హైదరాబాద్ వచ్చేశాం. ఆ రోజు నాన్నగారిని ఆసుపత్రికి పక్కింటివాళ్లు తీసుకెళ్లారు. అప్పటి నుంచి డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున విమానం తీసుకోవడం మానేశాను.

కానీ నిరుడు ఒక ఉదయం తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసి, ఆయాసం ఎక్కువైంది, ఐసీయూలో పెట్టారు అంది. గౌతమి రాత్రికి గానీ లేదు. మధ్యాహ్నం విమానంలో ఆఖరి సీటు దొరికింది. సాయంత్రం నాలుగున్నరకి నాన్నగారి మంచం పక్కన ఉన్నాను. "అప్పుడే ఎలా వచ్చావురా?" అన్నారు.