రోడమైన్ బి: వెలుగు బాగానే ఉంది, వదిలించుకోవడమే కష్టం

మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లో (సన్నని కాలువల్లో ద్రవాలు పారే చిన్న పలక) గాఢత ఎలా మారుతోందో చూడాలంటే "ఫ్లోరసీన్ వద్దు, రోడమైన్ బి వెయ్యి" అని, అంటే ఒక వెలిగే రంగు బదులు ఇంకొకటి వాడమని, సలహా ఇచ్చేవాళ్ళు ఆ నోటితోనే పీడీఎంఎస్ (చిప్ చేసే సిలికాన్ రబ్బరు) గోడల సంగతి ఎందుకు చెప్పరో నాకిప్పటికీ అర్థం కాదు. ఏళ్ళ తరబడి వాడుతున్నాను కాబట్టి కాస్త కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మంచి ముందు చెప్పేస్తా. ఆకుపచ్చ ఎల్ఈడీ కింద భలే వెలుగుతుంది. ఫ్లోరసీన్ పీకేఏ (ఏ పీహెచ్ దగ్గర అణువు రూపం మారుతుందో చెప్పే అంకె) 6.4 దగ్గర ఉంటుంది కాబట్టి, బఫర్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం) లేని నీళ్ళు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కాస్త పుల్లబడినా అది మసకబారిపోతుంది, దీనికి ఆ గొడవ లేదు. దీపం వెలుతురుకి అంత త్వరగా బ్లీచ్ కూడా అవ్వదు, అంటే వెలిసిపోదు.

ఇక అసలు కథ. మాది బరంపురం. వాడేది వై ఆకారపు ఛానల్, వెడల్పు 200 మైక్రాన్లు. ఒక కొమ్మలో రంగు, రెండో కొమ్మలో మంచినీళ్ళు, రెండూ పక్కపక్కన పారుతూ వ్యాపనంతోనే కలవాలి. పొద్దున ఛానల్‌కి అడ్డంగా వెలుగు కొలిచి తీసిన గ్రాఫ్ పుస్తకంలో బొమ్మలా వచ్చింది. మధ్యాహ్నానికి నీళ్ళవైపు గీత సున్నాకి దిగనంటే దిగనంది. రంగు ఆపేసి రెండు కొమ్మల్లోనూ నీళ్ళే వదిలాం. ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వచ్చే మా జూనియర్ స్క్రీన్ మీద వేలు పెట్టి, "అన్నా, ఇక్కడ ఛానలే లేదు కదా, మరి మెరుస్తోందేంటి?" అన్నాడు. నిజమే, గీత అంచు దాటి, అసలు ద్రవమే లేని చోట కూడా పైనే ఉంది. రంగు పీడీఎంఎస్‌లోకి ఇంకిపోయి అక్కడి నుంచి వెలుగుతోంది, మెల్లగా తిరిగి నీళ్ళలోకి కూడా దిగుతోంది.

చిరాకెక్కడంటే, దీపం అంతటా సమానంగా పడదు కాబట్టి ఛానల్ నిండా రంగు నింపి ఒక ఫోటో తీసి దాంతో భాగిస్తేనే గాఢత లెక్క తేలుతుంది. అలా నింపిన ప్రతిసారీ గోడలు ఇంకాస్త తాగుతాయి. రంగు లేని ఛానల్ ఫోటోలోని వెలుగుని మినహాయించి సరిచేద్దామా అంటే, పొద్దుటి ఖాళీ వేరు, సాయంత్రం ఖాళీ వేరు. ఇథనాల్‌తో కడిగితే కొంత పోతుంది, అంతే.

వెలుగు మసకబారదన్నాను గానీ, అది ఏసీ నడుస్తున్నంతసేపే. డిగ్రీకి దాదాపు 2 శాతం పడిపోతుంది, మే నెలలో కరెంటు పోయి గది ఏడు డిగ్రీలు వేడెక్కిందంటే పదమూడు పద్నాలుగు శాతం గాఢత ఉత్తినే తగ్గినట్టు కనిపిస్తుంది. పంపుకి యూపీఎస్ ఉంది, ఏసీకి ఎవరిస్తారు?

ఫ్లోరసీన్ తగిలించిన 70 కిలోడాల్టన్ల డెక్స్‌ట్రాన్ (చక్కెర గొలుసులాంటి పెద్ద అణువు) గోడల్లోకి దూరదు, హాయిగా ఉంది. కానీ చిన్న మందు అణువుకంటే సుమారు పదింతలు నెమ్మదిగా వ్యాపిస్తుంది, దాన్ని చూసి మందు ఎక్కడిదాకా చేరిందో చెప్పలేం. అందుకని చిన్న అణువులకి నేను బఫర్ వేసుకుని మళ్ళీ ఫ్లోరసీన్‌కే వచ్చాను, త్వరగా వెలిసిపోకుండా దీపాన్ని ఫోటోకి మాత్రమే వెలిగిస్తూ.

మీ దగ్గర గాజు చిప్ ఉండి, గది చల్లగా ఉంటే రోడమైన్ బి కొనుక్కోండి, నా మాట పట్టించుకోకండి. ఒకే పీడీఎంఎస్ చిప్‌ని నెలల తరబడి కడిగి వాడే మాలాంటి ల్యాబులకైతే కొనమని నేను చెప్పను. ఉన్న సీసా మాత్రం పారెయ్యలేదు, లీకులు వెతకడానికి పనికొస్తోంది.