నల్లగొండలో మా ఫుట్‌బాల్ టీముకి జెర్సీలు కొట్టించాం: ప్రింట్ బంగారం, డెలివరీ మాత్రం లేటు

క్లాక్ టవర్ నుంచి ప్రకాశం బజార్ వైపు వెళ్తుంటే ఒక మేడ మీద జెర్సీలు ప్రింట్ కొట్టి, కుట్టి ఇచ్చే షాపు ఉంది. షాపు పేరు రాయను, ఎందుకంటే ఇందులో ఒక ఫిర్యాదు కూడా ఉంది, ఆయన మంచి మనిషి, పేరు పెట్టి బజారుకి ఈడ్చడం నాకు ఇష్టం లేదు. కానీ ఊళ్ళల్లో పిల్లల టీములు నడిపేవాళ్ళకి పనికొస్తుందని జరిగిందంతా రాస్తున్నా. కొంచెం పొడుగైనా చదవండి.

అసలు ఈ జెర్సీల ఆలోచన 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. ఇండియా ఫుట్‌బాల్ టీం హైదరాబాద్ వచ్చి గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఆడింది గుర్తుందా? సాయంత్రాలు ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నా దగ్గర ఆడే పిల్లల్ని తీసుకుని సిరియా మ్యాచ్‌కి వెళ్ళా. 0-3తో ఓడిపోయాం. అది ఒక బాధ. అంతకంటే ఎక్కువ బాధ ఏమిటంటే, మా పిల్లలందరి వీపుల మీద మెస్సీ, రొనాల్డో, ఎంబాపే. ఒక్కడి మీద కూడా మన వాళ్ళ పేరు లేదు. తప్పు వాళ్ళది కాదు, మన వాళ్ళ పేర్లు ఎవరూ చెప్పలేదు, అంతే. వచ్చేటప్పుడు బస్సులో రహీం సాబ్ గురించి అడిగితే ఒక్కరికీ తెలియదు. హైదరాబాద్‌లో బడి పంతులుగా పనిచేసి, సిటీ పోలీస్ టీముని వరసగా 5 సార్లు, 1950 నుంచి 54 దాకా, రోవర్స్ కప్ గెలిపించి, ఇండియా టీముకి రెండు ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. మనకి వంద కిలోమీటర్ల దూరంలో పుట్టిన చరిత్ర ఇది!

అందుకే ఈసారి టీం జెర్సీలు కొట్టించేటప్పుడు ఒకటి అనుకున్నాం. నంబర్లు మామూలు 7, 10 కాదు, ఇండియా పెద్ద టోర్నమెంట్లు ఆడిన ఏళ్ళు. 48, 51, 52, 56, 60, 62, 64, 70, 84, 11, 19, ఇంకా అప్పటికి రాబోయే 26, 27. మొత్తం 13. నంబర్ పైన ఆ ఏడాది ఆటగాడి పేరు తెలుగులో.

2025 ఆగస్టు చివర్లో షాపుకి వెళ్ళి కాగితం చేతిలో పెడితే ఆయన చాలాసేపు చూశాడు. "సార్, మెస్సీ, రొనాల్డో ఫైళ్ళు రెడీగా ఉన్నయి, అవైతే రేపే ఇస్త. ఈ పేర్లు ఎవరివి?" అన్నాడు. చెప్పా. స్టూలు జరిపి కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు, నేను చెప్తుంటే పెన్నుతో కాగితం మీద ఒక్కో నంబర్ పక్కన గీత పెట్టుకుంటూ విన్నాడు. ఈ షాపుకి నేను మార్కులు వేసేది ముందు దానికే.

48 అంటే లండన్ ఒలింపిక్స్. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడాది, చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో ఆడారు. రెండు పెనాల్టీలు చేజారినా, రామన్ గోల్ కొట్టి సమం చేస్తే, ఆఖరి నిమిషాల్లో గోల్ పడి 1-2తో పోయింది. 51లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు, ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో బంగారం. 

మధ్యలో 50 ఎందుకు లేదని మా పిల్లల్లో ఒకడు అడిగాడు. వరల్డ్ కప్‌కి మనం అర్హత సాధించాం కదా సార్ అని. నిజమే, గ్రూపులో మిగతా దేశాలు తప్పుకోవడంతో మనకి బ్రెజిల్ టికెట్ దొరికింది. మనం వెళ్ళలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వరని మానేశారని అందరూ చెప్పుకుంటారు, కానీ అది సాకు మాత్రమేనని అప్పటి కెప్టెన్ శైలెన్ మన్నానే తర్వాత చెప్పాడు. ఫెడరేషన్ వాళ్ళకి ఆ రోజుల్లో ఒలింపిక్స్ ముందు వరల్డ్ కప్ పెద్దగా ఆనలేదు. ఏదేమైనా, ఆడని ఏడాదిని వీపు మీద వేసుకోవద్దు అని వాడికి గట్టిగా చెప్పా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

52 ఎవరూ తీసుకోలేదు. హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 1-10. నంబర్లు పంచుతుంటే అందరూ 56, 62 కోసం కొట్టుకున్నారు, 52 పేరెత్తితే తల దించుకున్నారు. చివరికి నేనే తీసుకున్నా. నిజానికి ఆ ఓటమే మన వాళ్ళని మార్చింది, చలికి, తడి గడ్డికి వట్టి కాళ్ళు ఆగవని తెలిశాక బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఏమైందో చూడండి. 1956లో ఆస్ట్రేలియా మీద 4-2, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లేవియా, ముందు గోల్ మనదే, నెవిల్‌దే, ఆ తర్వాత మనకి నాలుగు పడ్డాయి. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానం. ఆ టీంలో మన హైదరాబాదీలు ఎంతమంది ఉన్నారో చూస్తే ఛాతీ ఉప్పొంగుతుంది: నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, కన్నన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇంకా ఉన్నారు.

60 జెర్సీ మీద బలరాం పేరు పెట్టాం. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి కొట్టాడు. ఫ్రాన్స్‌తో 1-1. 

ఇక 62 గురించి చెప్పకుండా ఉండలేను. జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో కొట్టింది. ఆ తర్వాత థాయ్‌లాండ్, జపాన్, సెమీస్‌లో దక్షిణ వియత్నాంలని ఓడించాం. ఫైనల్లో మళ్ళీ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్‌లని ఆ క్రీడలకి రానివ్వలేదన్న గొడవలో మన అధికారి ఒకాయన ఏదో అన్నందుకు స్టేడియం మొత్తం మన మీద పగబట్టి ఉంది, లక్ష మంది దాకా జనం. జర్నైల్ సింగ్ తలకి కుట్లు. డిఫెండర్ అతను, అయినా రహీం సాబ్ కట్టుతోనే అతన్ని ఫార్వర్డ్‌గా పంపాడు. ఫ్లూ నుంచి లేచిన మన హైదరాబాద్ తంగరాజ్ గోల్‌లో నిలబడ్డాడు. పీకే బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలతోనే జర్నైల్ ఒకటి. 2-1. అప్పటికే లోపల క్యాన్సర్ మోస్తున్న రహీం సాబ్ మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు. ఆ జెర్సీ మా గోల్‌కీపర్‌ది, పసుపు రంగు, "తంగరాజ్ 62". షాపాయన ఈ కథ విన్నాక ఆ ఒక్క జెర్సీకి డబ్బులు తీసుకోలేదు.

మిగతావి త్వరగా చెప్తా. 64లో ఆసియా కప్‌లో రెండో స్థానం, ఆడింది నాలుగు జట్లే అయినా పతకం పతకమే. 70లో బ్యాంకాక్, మన హైదరాబాద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా జపాన్‌ని 1-0తో కొట్టి కంచు, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి అదే ఆఖరి పతకం. 84 ఆసియా కప్‌లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. మళ్ళీ 27 ఏళ్ళు ఆగితే గానీ 2011లో ఆసియా కప్ ఆడలేదు. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్ మీద 4-1 కొట్టి, బహ్రెయిన్‌తో ఇంజురీ టైంలో పెనాల్టీ ఇచ్చి ఇంటికొచ్చారు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

ఇప్పుడు సరుకు సంగతి. బట్ట డాట్ నిట్ పాలిస్టర్, చెమట పీలుస్తుంది, ఒంటికి అతుక్కోదు. ప్రింట్ సబ్లిమేషన్. అంటే తెల్ల బట్ట మీదే నీలం రంగుతో సహా డిజైన్ మొత్తం కొడతారు. ముందు కాగితం మీద బొమ్మ తిరగేసి ప్రింట్ తీసి, ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి వేడి ప్రెస్ కింద పెడితే, ఇంకు ఆవిరై దారంలోకి దిగిపోతుంది. అందుకే గోరుతో గీకినా రాదు. స్టిక్కర్ ప్రింట్ అయితే నాలుగు ఉతుకులకి అంచులు లేస్తాయి, మేము ఇంతకుముందు అలా మోసపోయాం. జెర్సీ తిరగేసి చూస్తే లోపలంతా తెలుపే, అది లోపం అనుకోకండి, అసలు సబ్లిమేషన్‌కి గుర్తే అది. మెడ దగ్గర డబుల్ కుట్టు. చంకల దగ్గర మాత్రం ఒకే కుట్టు వేశారు, రెండు జెర్సీల్లో దారం అప్పుడే లేచింది. జెర్సీ, నిక్కరు కలిపి సెట్టు అప్పుడు 430 రూపాయలు పడింది. హైదరాబాద్‌లో అడిగితే 500 పైనే చెప్పారు.

తెలుగు అక్షరాలతో పెద్ద తంటా వచ్చింది. వాళ్ళ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విరిగిపోయాయి. నయీముద్దీన్‌లో ద కింద ద ఒత్తు రాకుండా, ద్ ఒక చోట, దీ ఒక చోట పడింది, పైన పొల్లు కొమ్ములా నిలబడింది. మొదటి ప్రూఫ్ చూసి నాకు ఏడుపొచ్చింది. ఆయన మారు మాట్లాడకుండా కింద పెళ్ళి కార్డులు కొట్టే కుర్రాణ్ణి పిలిపించి, అతని దగ్గరున్న తెలుగు ఫాంటులో టైప్ చేయించి, దాన్ని బొమ్మగా మార్చి పెట్టించాడు. ఇప్పుడు అక్షరాలు గోడ మీద పెయింటర్ రాసినంత ముద్దుగా ఉన్నాయి. మీరు తెలుగులో కొట్టిస్తే ప్రూఫ్‌ని వాట్సాప్‌లో చూసి ఓకే అనకండి, షాపుకి వెళ్ళి పెద్ద స్క్రీన్ మీద ఒత్తులు, దీర్ఘాలు ఒక్కొక్కటి చూసుకోండి.

ఫిర్యాదు ఏమిటంటే, లేటు. దసరా ముందే ఇస్తానని సగం అడ్వాన్స్ తీసుకున్నాడు. సెలవుల్లో మిర్యాలగూడలో చిన్న టోర్నమెంట్ ఉందని ముందే చెప్పాం. ఇవ్వలేదు. బతుకమ్మ ఆర్డర్లు, రాజకీయ పార్టీల టీషర్టులు మీద పడ్డాయట. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి. పిల్లలు పాత బనియన్ల మీద చాక్‌పీసుతో నంబర్లు రాసుకుని ఆడారు, అది నేను ఇంకా మర్చిపోలేదు. కుదరదంటే కుదరదని ముందే చెప్పాలి, అంతే కదా. జెర్సీలు చేతికొచ్చింది దీపావళికి రెండు రోజుల ముందు.

ఈ లేటులోనే ఇంకోటి జరిగింది. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ మీద మన ఛాంగ్టే ముందు గోల్ కొట్టినా 1-2తో ఓడిపోయాం, 2027 ఆసియా కప్ ఆశ అక్కడితో పోయింది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు 27 జెర్సీకి పేరు చోటు ఖాళీగా ఉంచమన్నాం, ఎవరు గోల్ కొడితే వాళ్ళ పేరు తర్వాత వేయిద్దామని. కట్ట విప్పితే అన్నిటి పైన అదే ఉంది, పైన ఖాళీ, కింద 27. పక్కనే 26 ఉంది, అది మా టీంలో అమ్మాయిది. ఇండియా అమ్మాయిల జట్టు 2025 జూలైలో థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2-1తో కొట్టింది, రెండు గోల్సూ సంగీతా బస్ఫోర్‌వే, దాంతో 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో జరిగే ఆసియా కప్‌కి అర్హత సాధించారు. ఆ పిల్ల "సంగీత 26" అక్కడికక్కడే వేసేసుకుంది.

27 పిల్లాడు మాత్రం జెర్సీ మడత పెట్టి నా చేతిలో పెట్టాడు. "ఆడని ఏడాది వేసుకోవద్దన్నరు కదా సార్" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. కాసేపటికి వాడే, "నాకు కూడా 52 కొట్టియ్యండి, పది గోల్స్ పడ్డా ఆడిండ్రు కదా" అన్నాడు. మళ్ళీ షాపుకి వెళ్ళి చెప్తే, ఆయన లేటుకి సారీ చెప్పి, బట్ట ఖర్చు 200 మాత్రమే తీసుకుని రెండు రోజుల్లో "అహ్మద్ ఖాన్ 52" చేతిలో పెట్టాడు. హెల్సింకీలో ఆ ఒక్క గోల్ కొట్టింది అహ్మద్ ఖానే.

5కి 4 ఇస్తున్నా, ఆ ఒక్కటి లేటుకి కోత. వెళ్ళేవాళ్ళు మీకు కావలసిన తేదీకి మూడు వారాలు ముందు చెప్పండి, మధ్యాహ్నం భోజనాల టైంలో మూసి ఉంటుంది, నాలుగు తర్వాత వెళ్ళండి. బట్ట ఎలా ఉంటుందో చూపించమంటే కౌంటర్ వెనక మేకుకి వేలాడుతున్న నీలం జెర్సీ తీసి ఇస్తాడు. పేరు లేని 27, అదే ఇప్పుడు ఆయన శాంపిల్.