బూమ్ లిఫ్ట్‌లో ఫాల్ట్ కోడ్ పడితే: మిణుకుల లెక్క, అనలైజర్, మల్టీమీటర్ – ఏది మేలు?

పని మధ్యలో డీజిల్ బూమ్ లిఫ్ట్ (పొడవాటి చేయి చివరనున్న బాస్కెట్‌లో మనిషిని పైకెత్తే యంత్రం) ఆగిపోయి, ప్యానెల్ మీద హెచ్చరిక లైటు మిణుకుమంటున్నప్పుడు మెకానిక్‌కు నాలుగు దారులు కనిపిస్తాయి. లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరిందో లెక్కపెట్టి, ఆ అంకెలు (ఫాల్ట్ కోడ్) ఏ లోపాన్ని సూచిస్తాయో సర్వీస్ మాన్యువల్‌లో వెతకవచ్చు. తయారీ సంస్థ అనలైజర్‌ను (యంత్రంలోని కంప్యూటర్ సమాచారాన్ని చదివే చేతి పరికరం) తగిలించి తెరమీద చదవవచ్చు. వైరింగ్ డయాగ్రమ్ ఎదురుగా పెట్టుకొని మల్టీమీటర్‌తో కొలవవచ్చు. లేదంటే అనుమానం ఉన్న భాగాన్ని తీసి మరొకటి వేసి చూడవచ్చు. వీటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలన్నదే ఇక్కడి ప్రశ్న. అన్ని బ్రాండ్లనూ ఒకే గాటన కట్టడం కుదరదు కాబట్టి, అద్దెకు తిరిగే యంత్రాల్లో ఎక్కువగా కనిపించే జేఎల్‌జీ బూమ్ లిఫ్ట్‌లను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

నా నిర్ణయం ముందే చెబుతాను. ఎక్కడ వెతకాలో చూపించేది అనలైజర్; పాడైనది ఏదో రుజువు చేసేది మల్టీమీటర్. రెండింటిలో ఒకటే కొనగలిగిన వ్యక్తి మల్టీమీటర్‌నూ, ఆ యంత్రం సీరియల్ నంబరుకు సరిపోయే వైరింగ్ డయాగ్రమ్‌నూ సంపాదించుకోవాలి. భాగాలు మార్చి చూడడం చివరి దారిగానే ఉండాలి.

ఏ దారి పట్టినా, బాస్కెట్‌లో మనిషి పైనే ఉండిపోతే కోడ్ సంగతి తరువాత. గ్రౌండ్ కంట్రోల్ దగ్గర ఆగ్జిలరీ పవర్ స్విచ్‌తో బ్యాటరీ మీద నడిచే పంపును పనిచేయించి మనిషిని కిందికి దించాలి. ఆ తరువాత కూడా వెంటనే పరికరాలు తీయనవసరం లేదు. పైనా కిందా ఉన్న ఎమర్జెన్సీ స్టాప్ బటన్లు రెండూ బయటికి లాగి ఉన్నాయా, తాళం స్విచ్ సరైన వైపు ఉందా, బ్యాటరీ టెర్మినళ్లు బిగుతుగా ఉన్నాయా అని చూడాలి. లోపమని పిలిచే వాటిలో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

మిణుకుల లెక్కకు ఖర్చు లేదు. లైటు మొదటి అంకెను మిణుకుల్లో చూపి, కొద్దిగా ఆగి, రెండో అంకెను చూపుతుంది. నాలుగు మిణుకులు, విరామం, మళ్లీ నాలుగు మిణుకులు వస్తే బ్యాటరీ సరఫరాకు సంబంధించిన లోపం. ఆరు, ఆరు వస్తే మాడ్యూళ్ల (యంత్రాన్ని నడిపించే చిన్న కంప్యూటర్ల) మధ్య క్యాన్ బస్ (అవి మాట్లాడుకునే రెండు వైర్ల లైను) సంభాషణ తెగిందని అర్థం. ఈ పద్ధతి లోపం ఏ గుంపుకు చెందిందో చెప్పి ఊరుకుంటుంది. ఒకే కోడ్ కింద మాన్యువల్‌లో పలు కారణాలు ఉంటాయి, వాటిలో ఏది నిజమో మిణుకులు చెప్పవు. ఫోన్‌లో సైట్ నుంచి సమాచారం తెప్పించుకోవడానికి మాత్రం ఇది చాలా ఉపయోగం: ఆపరేటర్ ఆ రెండు అంకెలు సరిగ్గా చెప్పగలిగితే, మెకానిక్ ఏ సామాను వెంట తీసుకెళ్లాలో ముందే తెలుస్తుంది.

అనలైజర్ ఇంకా లోతుకు వెళ్తుంది. హెల్ప్ మెనూలో ఎంటర్ నొక్కితే లోపం పేరు మాటల్లో కనిపిస్తుంది. ఏ లోపమూ లేకపోతే, బాస్కెట్ మోడ్‌లో అంతా బాగుందనీ, కింది మోడ్‌లో గ్రౌండ్ మోడ్ బాగుందనీ చెబుతుంది. అంతకు ముందు వచ్చి పోయిన లోపాలు కూడా నిల్వ ఉంటాయి. డయాగ్నోస్టిక్స్ మెనూలో ఫుట్‌స్విచ్, జాయ్‌స్టిక్, లిమిట్ స్విచ్‌లు (బూమ్ ఏ స్థితిలో ఉందో గుర్తించేవి), టిల్ట్ కోణం (యంత్రం ఎంత ఒరిగిందన్నది), బ్యాటరీ వోల్టేజి అప్పటికప్పుడు ఎలా ఉన్నాయో చూడవచ్చు. ఒక మనిషి బాస్కెట్‌లో ఫుట్‌స్విచ్ తొక్కుతూ ఉంటే కింద తెరమీద స్థితి మారుతుందో లేదో చూడడం నిమిషం పని; అదే పని మీటర్‌తో చేయాలంటే పెట్టె విప్పి కనెక్టర్ తీయాలి.

అనలైజర్ లేకపోతే పెద్ద నష్టం జరిగే సందర్భం మరొకటి ఉంది. బూమ్ పైకెత్తి నడిపేటప్పుడు యంత్రం నత్తనడక నడుస్తోందని ఫిర్యాదు వస్తుంది, హైడ్రాలిక్ పంపు అరిగిందన్న అనుమానం మొదలవుతుంది. నిజానికి బూమ్ ప్రయాణ స్థితి దాటి పైకి లేచినప్పుడు వేగం తగ్గేలా ఆ యంత్రాన్ని రూపొందించారు. నేల వాలు ఎక్కువైతే టిల్ట్ సెన్సర్ మరింత కట్టడి చేస్తుంది. అనలైజర్ ఈ సంగతిని సూటిగా రాసి చూపుతుంది. ఫుట్‌స్విచ్ తొక్కి ఏడు సెకన్ల వరకు ఏ లివరూ కదపకపోతే పడే ఇంటర్‌లాక్ (కదలికలను ఆపే అడ్డు) కూడా ఇలాంటిదే: పాదం తీసి మళ్లీ తొక్కితే చాలు. ఇవి లోపాలు కావు, రక్షణ ఏర్పాట్లు. వీటిని లోపాలుగా భ్రమించి లిమిట్ స్విచ్‌ను వైరుతో షార్ట్ చేసి యంత్రాన్ని నడిపించడం ఎంత ఒత్తిడిలోనైనా ఎవరూ చేయకూడని పని. పైన నిలబడే మనిషికి యంత్రం బోల్తా పడకుండా ఉన్న అడ్డు ఆ స్విచ్చే.

అయితే అనలైజర్‌కూ హద్దు ఉంది. అది మాడ్యూల్‌కు కనిపించినదాన్నే చెప్పగలదు. ఫుట్‌స్విచ్ తెరిచి ఉందని అది చూపితే, స్విచ్ పాడైందా, దానికి వెళ్లే వైరు తెగిందా, కనెక్టర్ పిన్ను తుప్పు పట్టిందా అన్నది మాడ్యూల్‌కు తెలియదు. దుబాయ్, దోహా వంటి తీర నగరాల్లో పనిచేసే మన మెకానిక్‌లకూ, విశాఖ తీరంలో పనిచేసేవారికీ ఈ సంగతి బాగా తెలుసు: ఉప్పు తేమకు రాగి పిన్నులు పచ్చబారతాయి, కోడ్ మాత్రం సెన్సర్ పేరే చెబుతుంది. ఆ పేరు నమ్మి కొత్త సెన్సర్ వేస్తే అదే కోడ్ తిరిగి పడుతుంది.

మల్టీమీటర్ విలువ క్యాన్ బస్ లోపంలో స్పష్టంగా తెలుస్తుంది. కింది నుంచి అన్నీ పనిచేస్తున్నాయి, బాస్కెట్ నుంచి ఏదీ కదలడం లేదు, ఆరు-ఆరు మిణుకులు వస్తున్నాయి అనుకుందాం. కింద తగిలించిన అనలైజర్, బాస్కెట్ మాడ్యూల్ పలకడం లేదని చెబుతుంది. దాంతో ఆ మాడ్యూల్‌కే ఆర్డర్ పెట్టాలన్న తొందర సహజం. ముందుగా బాస్కెట్ దగ్గర వోల్టేజి కొలవాలి. సరఫరాయే అందకపోతే మాడ్యూల్ ఎలా పలుకుతుంది? సరఫరా సరిగా ఉంటే తాళం స్విచ్‌ను ఆఫ్ చేసి, బ్యాటరీ కేబుల్ విప్పి, క్యాన్ హై, క్యాన్ లో వైర్ల మధ్య నిరోధం కొలవాలి. బస్ రెండు చివర్లలోనూ 120 ఓమ్‌ల టెర్మినేటర్లు (నిరోధకాలు) సమాంతరంగా ఉంటాయి కనుక మీటర్ 60 ఓమ్‌ల దగ్గర చూపాలి. 120 చూపితే ఎక్కడో వైరు తెగింది, లేదా ఒక టెర్మినేటర్ బస్‌కు అందడం లేదు. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. 40 వస్తే ఎవరో మూడో టెర్మినేటర్ తగిలించారు.

అక్కడితో ఆపకూడదు. బూమ్ పొడవునా కేబుల్ చైన్‌లో మడతపడుతూ విచ్చుకుంటూ తిరిగే వైరు, బూమ్ ఒక స్థితిలో ఉన్నప్పుడు మాత్రమే తెగినట్టు ప్రవర్తించవచ్చు. అందువల్ల ఆగ్జిలరీ పవర్‌తో బూమ్‌ను కొద్దికొద్దిగా చాపుతూ, ఆపిన ప్రతి చోటా సరఫరా తీసేసి మళ్లీ కొలవాలి. రీడింగ్ 60 నుంచి 120కి ఎగబాకిన చోటే మడతలో ఉన్న భాగాన్ని విప్పి చూడాలి. ఓపిక కావలసిన పనే, కాని మంచి మాడ్యూల్‌ను అనవసరంగా మార్చకుండా కాపాడేది ఇదొక్కటే.

బ్యాటరీ విషయంలోనూ మీటర్‌దే పైచేయి. పూర్తిగా ఛార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. అది చూసి తృప్తిపడకుండా, ఇంజిన్ స్టార్ట్ చేస్తున్నప్పుడు వోల్టేజి ఎంత పడిపోతోందో, ఎర్త్ కేబుల్ రెండు చివర్ల మధ్య ఎంత వోల్టేజి పోతోందో కొలవాలి. వోల్టేజి కుంగితే మాడ్యూళ్లు క్షణకాలం మూగబోయి, సంబంధం లేని కోడ్‌లు వరుసగా పడతాయి. ఒకేసారి నాలుగైదు కోడ్‌లు కనిపించినప్పుడు నేను మొదట అనుమానించేది సరఫరానే.

భాగాలు మార్చి చూసే పద్ధతిని పూర్తిగా తోసిపుచ్చలేం. వాల్వ్ బ్లాక్ మీద ఒకే రకం కాయిళ్లు (హైడ్రాలిక్ వాల్వ్‌లను కదిలించే విద్యుత్ తీగచుట్టలు) పక్కపక్కన ఉంటే, వాటి నిరోధం కొలిచి షార్ట్ లేదని తేల్చుకున్నాక రెండింటినీ తారుమారు చేయడం సరైన పరీక్షే: లోపం కాయిల్‌తో పాటు కదిలితే కాయిల్ పాడైంది, ఉన్నచోటే ఉంటే వైరింగో మాడ్యూల్ అవుట్‌పుటో పాడైంది. మాడ్యూల్‌తో మాత్రం ఈ ప్రయోగం ప్రమాదం. పాతదాన్ని కాల్చింది షార్ట్ అయిన కాయిల్ అయితే, కొత్త మాడ్యూల్‌కూ అదే గతి పడుతుంది. పైగా వేరే యంత్రం నుంచి తెచ్చిన మాడ్యూల్‌లో ఆ యంత్రం మోడల్, ఇంజిన్, టైర్ల సెటప్ ఉంటుంది.

ఇంజిన్ కోడ్‌ల తీరు వేరు. డీజిల్ ఇంజిన్లలో వాడే జే1939 అనే ప్రామాణిక కోడ్ పద్ధతిలో ఎస్‌పీఎన్ సంఖ్య ఏ కొలత అన్నదీ, ఎఫ్‌ఎంఐ సంఖ్య ఎలాంటి లోపం అన్నదీ చెబుతాయి. ఎస్‌పీఎన్ 100 అంటే ఆయిల్ ప్రెషర్, 110 అంటే కూలెంట్ ఉష్ణోగ్రత. ఎఫ్‌ఎంఐ 3, 4, 5 అంటే విద్యుత్ లోపాలు; అవి వస్తే వైరింగ్ వైపు మీటర్‌తో వెళ్లాలి. ఎస్‌పీఎన్ 100తో ఎఫ్‌ఎంఐ 1 వస్తే ప్రెషర్ ప్రమాదకరంగా తగ్గినట్టు సెన్సర్ చెబుతోంది. అప్పుడు ఇంజిన్‌ను ఆపి, ఆయిల్ మట్టం చూసి, మెకానికల్ గేజ్ తగిలించి నిర్ధారించుకునే వరకు పనికి పంపకూడదు. ఇక్కడ అనలైజర్, మల్టీమీటర్ రెండింటికన్నా గేజే మేలు.

కొనుగోలు విషయానికి వస్తే, రకరకాల బ్రాండ్ల మీద పనిచేసే ఒంటరి మెకానిక్‌కు నిలకడగా పనికొచ్చేది మంచి మల్టీమీటరే, ఎందుకంటే జేఎల్‌జీ అనలైజర్ జీనీ వంటి మరో బ్రాండ్ యంత్రాన్ని చదవదు. ఒకే సంస్థ యంత్రాలు ఐదారు నడిపే అద్దె కంపెనీ మాత్రం అనలైజర్ లేకుండా ఉండకూడదు. టిల్ట్ సెన్సర్ గాని మాడ్యూల్ గాని మార్చాక సెటప్, క్యాలిబ్రేషన్ పనులు అనలైజర్‌తోనే చేయాలి; అవి పూర్తయి, గ్రౌండ్ కంట్రోల్ నుంచి ప్రతి కదలికనూ, టిల్ట్ అలారాన్నీ, ఎమర్జెన్సీ స్టాప్‌లనూ పరీక్షించిన తరువాతే ఆ బాస్కెట్‌లోకి మనిషిని ఎక్కనివ్వాలి.